మిరపకోతల్లో వేసిన బొమ్మ

మా ఇంట్లో ఫొటోలన్నిటిలోనూ మా అత్తయ్య తెల్లగా ఉంటుంది. నా పెళ్ళి ఆల్బమ్‌లో అయితే మరీను, కొత్తగా సున్నం కొట్టిన గోడలాగా మెరిసిపోతూ ఉంటుంది. నరసరావుపేటలో ఫొటోలు తీసేవాళ్ళకు అదొక మర్యాద. ఎవరూ అడగనక్కర్లేదు, మొహాలన్నీ కంప్యూటర్లో ఒక వరసన తెలుపు తేల్చి అప్పుడు ప్రింటుకు పంపుతారు. తేల్చకుండా ఇస్తే "ఇదేంది, మమ్మల్ని ఇట్టా మాడ్చి పెట్టావు" అని జనమే తగువుకు పోతారు. కొత్తగా వచ్చిన చుట్టాలు మా ఆల్బమ్ చూసి, అత్తయ్యను చూసి, మళ్ళీ ఆల్బమ్ చూస్తారు. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తూ "నేనేలే" అంటుంది.

ఆవిడ పేరు వెంకటరమణమ్మ. మనిషి నలుపు. చామనఛాయ అని నేను అబద్ధమాడను, ఆవిడా ఆడదు. కారెంపూడి దారిలో, కాలవ కింద మాది మిరప వ్యవసాయం. మామయ్య పోయాక కూడా చేను ఆవిడ చెప్పుచేతల్లోనే ఉంది. ఆ రంగు ఆవిడ కొడుక్కి, అంటే మా ఆయన సుధీర్ బాబుకి రాలేదు. కూతురు నీరజకి మాత్రం అచ్చు గుద్దినట్టు వచ్చింది. నీరజ బొమ్మలు వేయడం చదువుకుని, నరసరావుపేటలో ఒక ప్రైవేటు బళ్ళో డ్రాయింగ్ చెబుతుంది. నేను చెప్పబోయేది రెండేళ్ళ కిందటి మిరపకోతల నాటి సంగతి. తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. అయినా మనసులో పెట్టుకుని ఊరుకోవడం నా వల్ల అయ్యే పని కాదు.

ఆ ఏడు కోతలు ఊపందుకున్న రోజుల్లో నీరజ బడికి సెలవు పెట్టి వచ్చింది. ఆటో పైన తాళ్ళతో కట్టుకుని, తలుపంత కాన్వాసు ఒకటి తెచ్చింది. ఉగాదికి ముందు నరసరావుపేట టౌన్‌హాల్లో బొమ్మల ప్రదర్శన పెడుతున్నారట. దాని పేరు 'మన రంగు'. యోగేశ్ అని, బట్టల కొట్టు వాళ్ళబ్బాయి, కళలంటే పడిచచ్చే మనిషి, అంతా తనే నడిపిస్తున్నాడు. హాల్లో ఎదురుగా కనబడే గోడ నీరజకు ఇస్తానన్నాడట. ఎన్నేళ్ళుగానో వేస్తున్నా, నలుగురి ముందూ బొమ్మ పెట్టుకునే అదృష్టం దానికి అదే మొదలు.

"ఎవర్ని వేస్తావే?" అని అడిగాను, కాన్వాసు దింపడానికి చెయ్యేస్తూ.

"అమ్మని. మా బళ్ళో పిల్లల్ని వాళ్ళమ్మ బొమ్మ వెయ్యమన్నా వదినా. క్లాసంతా 'స్కిన్ కలర్ ఏదీ, స్కిన్ కలర్ ఏదీ' అని ఒకటే గోల. స్కిన్ కలరంటే ఏందో తెలుసా? లేత గులాబీ క్రేయాను. దానికోసం జుట్లు పట్టుకున్నారు. ఆ రంగులో ఉండే మనిషి మా బడి మొత్తానికి ఒక్కరు లేరు. నేనూ చిన్నప్పుడు అమ్మకి ఆ రంగే వేశా. అది గుర్తొచ్చి ఆ రోజు అన్నం సయించలా."

అత్తయ్య ఈ మాట వినగానే పెద్దగా నవ్వింది.

"కాకి పిల్ల కాకికి ముద్దంటారు. ఈడ పిల్లకు కాకి ముద్దొచ్చింది! నా మొహానికి బొమ్మొకటా? సరేలే, వేస్తే వెయ్యి. ఆ ఎర్ర పట్టుచీర కట్టుకుంటా."

"వద్దమ్మా. చేలో ఎట్టా ఉంటావో అట్టాగే ఉండు."

చేలో అత్తయ్య చీర మీద మామయ్య పాత ఫుల్‌చేతుల చొక్కా వేసుకుని, తలకు తువ్వాల చుట్టుకుంటుంది. మిరపకోతకు పోయే ఆడవాళ్ళందరిదీ అదే వేషం. లేకపోతే ఘాటుకి ఒళ్ళు మండిపోతుంది. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి చొక్కాకు అత్తయ్య ఒప్పుకుంది, తువ్వాల తీసేయడానికి నీరజ ఒప్పుకుంది. "జుట్టన్నా దువ్వుకోనీవే, ఊళ్ళో పరువుండాలి గదా" అంది అత్తయ్య.

కల్లంలో తాటాకు పందిరి కింద కుర్చీ వేశారు. చుట్టూ పట్టాల మీద ఎర్రగా మిరపకాయలు. మధ్యాహ్నం కూలివాళ్ళు అన్నాలు తినేవేళ అత్తయ్య వచ్చి కూర్చునేది. ఘాటుకి నీరజ తుమ్ముతూ, ముక్కు తుడుచుకుంటూ వేసేది. నేను క్యారేజీ తీసుకెళ్ళి, గిన్నెలు కడిగే వంకతో అక్కడే కూర్చుండిపోయేదాన్ని. నల్ల రంగు ట్యూబు మూత తియ్యకుండా, నీలం, ఎరుపు, గోధుమరంగు కలిపి చూస్తూ ఉంటే నాకు వింతగా ఉండేది.

"నలుపుకి నలుపు వెయ్యవేందే?" అన్నాను.

"అమ్మ నలుపు ట్యూబులో దొరకదు వదినా. చెంప మీద చూడు, నీలం ఉంది. మెడ దగ్గర ఎరుపు. నుదుటి మీద ఎండ పడ్డచోట రాగి చెంబు రంగు."

"నా మొహంలో నీలమేందే! నేనేమన్నా విషం మింగానా?" అంది అత్తయ్య. నవ్వుకి కదిలిపోయి నీరజ చేత చివాట్లు తింది.

కదలకుండా కూర్చోమంటే ఆవిడకు నోరు ఊరుకునేది కాదు. ఒకరోజు తన పెళ్ళి సంగతి ఎత్తింది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళుండి నేనెప్పుడూ విననిది.

"నా పెళ్ళికి మాచర్ల నుంచి ఫొటో ఆయన్ని పిలిపించారు. అప్పట్లో అదే గొప్ప. ఆయన తియ్యబోతా ఉంటే మా అత్త చెయ్యి అడ్డం పెట్టి, 'పిల్ల కొంగు ఇంకాస్త ముందుకు లాగండి' అంది. లాగారు. ముక్కు దాకా లాగారు. ఆ ఫొటోలో మీ నాయన ఉన్నాడు, పక్కన ఒక చీర ఉంది."

ఆవిడ మామూలుగానే చెప్పింది. నీరజ కుంచె ఆపి వాళ్ళమ్మ వంక అలాగే చూసింది. ఎప్పుడో పోయిన ఆ ముసలావిడ దొరికితే కడిగేసేదాన్ని.

రోజులు గడిచేకొద్దీ అత్తయ్యలో మార్పు వచ్చింది. పిలవకముందే తల దువ్వుకుని వచ్చేది. కుర్చీ తనే లాక్కుని, మొహం ఎటు తిప్పాలో తనే సరిచూసుకునేది. ఒక పొద్దున పొయ్యి దగ్గర నా పక్కన చేరి, ఎవరూ వినకుండా అడిగింది:

"ఏమే రోహిణీ, నా మొహం వంక ఇంతసేపు ఎవురన్నా చూసుంటారంటావా? మీ మామ గూడా అన్నం పళ్ళెం వంక చూసేవోడే గానీ..."

ఆ మాటకి నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. బొమ్మ ఎలా వచ్చినా సరే, ఈ కుర్చీలో కూర్చునే రోజులు ఇంకొన్ని ఉంటే బాగుండునని అనుకున్నాను.

బొమ్మ పూర్తయ్యేదాకా నీరజ చూపించలేదు. పూర్తయిన రోజు ఇంటికి తెచ్చి వసారాలో గోడకు ఆనించింది. చొక్కా చేతులు పైకి మడిచి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఇప్పుడే ఎవరినో కేకేసి పిలిచి జవాబు కోసం చూస్తున్నట్టు అత్తయ్య. నలుపులో ఎన్ని రంగులున్నాయో! కాయలు కోసి కోసి మొద్దుబారిన వేళ్ళు కూడా అందంగా ఉన్నాయి. అత్తయ్య దగ్గరకెళ్ళి, ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ దగ్గరకెళ్ళింది.

"ఇది నేను గాదే. మా అమ్మ," అంది. "అచ్చం మా అమ్మ. ఆమెకి ఫొటో గూడా లేదు. మొహం మర్చిపోయాననుకున్నా."

నీరజ వాళ్ళమ్మ భుజం మీద తల పెట్టుకుంది. ఆ ఇంట్లో నేను చూసిన మంచి పూటల్లో అది ఒకటి.

సాయంత్రం మా ఆయన వచ్చి చూసి మొహం ముడుచుకున్నాడు. "చొక్కాతోనా? టౌన్‌హాల్లోనా? సుధీర్ బాబు వాళ్ళమ్మ కూలికి పోతందంటారు. ఏమే నీరజా, ఇంకో బొమ్మ దొరకలేదా నీకు?"

కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు తెలియదు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. "కూలోళ్ళు రానిరోజు నేను కొయ్యట్లేదా? కోసేటప్పుడు లేని నామోషీ చూసేటప్పుడొచ్చిందా? ఆ హాలు కాడికి నేనొస్తా. కారు నువ్వే తోలాల."

అత్తయ్య మర్నాటి నుంచే ప్రయాణం ఏర్పాట్లు మొదలుపెట్టింది. బజారులో కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది. "నా బొమ్మంట, గోడంత ఉంటదంట" అని పాలవాడికి కూడా చెప్పింది.

ప్రదర్శన ఇంకా మూడు రోజులుందనగా పొద్దున్నే మా ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి "ఓ వదినో! నాకు ఒక్క మాటన్నా చెప్పకుండా పోయావా వదినో!" అని రాగం తీస్తూ కృష్ణకుమారమ్మ దిగింది. గురజాలలో ఉంటుంది, మామయ్య చెల్లెలు. కొంగు నోట్లో కుక్కుకుని వాకిట్లోకి వచ్చేసరికి, గేదెకు కుడితి పెట్టి దొడ్లోంచి అత్తయ్య ఎదురొచ్చింది. కృష్ణకుమారమ్మ అరుపు ఆగిపోయి, అరుగు మీద కూలబడింది.

"ఏందే కుమారీ? ఎవురు పోయారు?" అంది అత్తయ్య కంగారుగా.

"నువ్వే!" అందావిడ. తర్వాత ఏడుపు కాస్తా కోపంలోకి తిరిగింది. "నరసరావుపేట బస్టాండు ఎదురుగా నీ పెద్దకర్మ ఫ్లెక్సీ కట్టారు. దినం దాకా వచ్చినా ఆడపడుచుకి చెప్పలేదేందని వచ్చా. మీ ఇంటో ఉండేది మనుషులా, పశువులా?"

ఫోనులో ఫొటో తీసుకొచ్చింది. అందరం మూగి చూశాం. నిజమే. ఆ ఫ్లెక్సీ చూసిన వాళ్ళెవరైనా అదే అనుకుంటారు. పైన 'అమ్మ' అని ఉంది. మధ్యలో అత్తయ్య మొహం. కింద తేదీ, టౌన్‌హాలు. రెండు పక్కలా వెలుగుతున్న దీపాలు, చుట్టూ గులాబీల దండ. మధ్యాహ్నం లోపల మాచర్ల నుంచి, కారెంపూడి నుంచి ఇంకా ఫోన్లు వచ్చాయి. ఒకాయన పలకరింపుగా అరటిపళ్ళు కూడా పట్టుకొచ్చాడు. వాటిని అత్తయ్యే తన చేతులతో అందుకుంది.

యోగేశ్ సాయంత్రానికి తనే కారేసుకుని వచ్చాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు పాపం. ఊడదీసిన ఫ్లెక్సీ చుట్టగా చుట్టి తెచ్చాడు.

"తప్పు మాదేనమ్మా. రోడ్డు మీద కట్టడానికి నీరజగారు పంపిన బొమ్మ ఫొటో ఫ్లెక్సీ కొట్టుకి పంపి, పైన 'అమ్మ' అనీ, కింద తేదీ, హాలు పేరూ వెయ్యమని చెప్పాను. అక్కడి ఆపరేటర్ని అడిగితే, 'పెద్దామె ఒక్కరే ఉంది, అమ్మ అని ఉంది, తేదీ ఉంది, హాలుంది, ఇంకేం అనుకోవాలండీ' అన్నాడు. రోజూ వేసేవి అవే గదా. దీపాలూ దండా తనే పెట్టేశాడు. చొక్కాతో బాగుండదని చీర గూడా..."

వసారాలో ఫ్లెక్సీ పరిచారు. మెడ దాకా మా అత్తయ్య. మెడ కింద నుంచి ఎవరిదో పట్టుచీర, ఎర్రది, జరీ అంచుది. మొహం మీగడలాగా ఉంది. నీలం లేదు, రాగి లేదు, ఒక్క ముడత లేదు. ఆ ఆపరేటర్ని తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు. పోయిన మనిషికి మంచి చీర కట్టి, మంచి రంగు పెట్టి పంపాలనుకున్నాడు. అంతకు మించి వాడికి చెడ్డ ఉద్దేశం ఏముంది?

కృష్ణకుమారమ్మ ఫ్లెక్సీ పక్కన చతికిలబడి, చేత్తో అంచు నిమిరి, "ఏమాటకామాట, ఎంత కళగా ఉన్నావు వదినా! లక్ష్మీదేవిలాగా" అంది. అప్పుడు తల తిప్పి గోడకు ఆనించిన బొమ్మ చూసింది. "ఇదిగూడా నువ్వేనా? ఇదేంది, ఇట్టా..." అని, నీరజను చూసి ఆగిపోయింది.

మా ఆయన ఫ్లెక్సీ కాలు కింద వేసి నొక్కి, "అపశకునం, తగలబెడతా" అన్నాడు. అత్తయ్య వద్దంది.

"ఉండనీ రా. తొక్కమాకు. చుట్టి లోపల పెట్టు."

అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆవిడ పాతబట్ట కూడా పారేయదు, అలాంటిదే ఇదీ అనుకున్నాను.

మర్నాడు కృష్ణకుమారమ్మ వెళ్ళిపోయింది. ఆ మర్నాడు పొద్దున బొమ్మను టౌన్‌హాలుకు పంపాలి. నీరజ పాత పంచె పరిచి బొమ్మ చుట్టబోతూ ఉంటే అత్తయ్య వచ్చి నిలబడింది. చేతిలో ఆ ఫ్లెక్సీ చుట్ట ఉంది.

"నీరజా, దీని మాదిరిగా దాన్ని చెయ్యలేవా?"

నీరజకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయింది. వాళ్ళమ్మ మొహం చూసి నవ్వలేకపోయింది.

"అది నువ్వు గాదమ్మా. ఎవరిదో ఒళ్ళు, ఎవరిదో చీర."

"నేను గాదని నాకు తెలవదా? ఇన్నేళ్ళూ నేనుగానే ఉన్నా గదా. చేలో నేనే, ఇంట్లో నేనే, మీ నాయన పక్కన కొంగు కింద నేనే. గోడ మీద ఒక్కచోటన్నా నా ఇష్టం వచ్చినట్టు ఉండకూడదా?"

"అమ్మా, మొన్న నీకు నచ్చింది గదే. మీ అమ్మ కనపడిందన్నావు."

"నచ్చింది. మా అమ్మని గూడా అందరూ కర్రిదనే పిలిచేవోళ్ళు. పేరు పెట్టి పిలిచినోళ్ళు లేరు. ఆ హాల్లో ఇప్పుడు ఊరూ నాడూ వచ్చి నిలబడి చూస్తారు. కుమారి చూసినట్టే చూస్తారు. కుమారి అయినా నిన్ను చూసి నోరు మూసుకుంది. ఆడ ఎవురు మూసుకుంటారే?"

నీరజ చాలా చెప్పింది. చూసే కళ్ళు మారాలని, మారడానికే ఈ బొమ్మ అని, తన చిన్నప్పుడు బళ్ళో పిల్లలు తన చేతికి తెల్ల చాక్‌పీసు రుద్ది చూశారని చెప్పింది. అదీ నేనెప్పుడూ విననిదే. అత్తయ్య ప్రతి మాటకీ తల ఊపింది. కూతురు చెప్పింది అబద్ధమని ఒక్కసారీ అనలేదు.

"నువ్వు చెప్పిందంతా నిజమేలే. నువ్వు చదువుకున్నావు, నిలబడగలవు. నేను నిలబడలేనమ్మా. ఈ వయసులో నావల్లగాదు."

బలవంతాన పంపితే పంపొచ్చు, బొమ్మ దానిది. కానీ అది తల్లి మొహం, తల్లి వద్దంటోంది. ఎటు తిరిగినా నష్టమే. నీరజ పంచె మడిచి పక్కన పెట్టి, యోగేశ్‌కి ఫోను చేసి బొమ్మ రావడం లేదని చెప్పింది. కారణం చెప్పలేదు. ఆ గోడ మీద ఇంకెవరో వేసిన కొండవీటి కోట బొమ్మలు పెట్టారని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత నీరజ మనుషుల్ని వెయ్యడం మానేసింది. అడిగితే "టైము లేదు వదినా" అంటుంది. సెలవుల్లో వచ్చినా రంగులు తీసుకురాదు. పల్నాటి ఆడవాళ్ళ మొహాల్లో నీలాన్ని, రాగిని చూడగలిగిన కళ్ళు అవి. వాటితో ఇప్పుడు పిల్లల డ్రాయింగు పుస్తకాలు దిద్దుకుంటోంది. అత్తయ్య మాత్రం సుఖంగా ఉంది. ముందు గదిలో ఆ బొమ్మ పెట్టుకుని, వచ్చినవాళ్ళకు "మా అమ్మాయి వేసింది" అని చూపిస్తుంది. వాళ్ళు బాగుందంటారు. బాగుండక ఏం, అందరి ఇళ్ళలో ఉండే బొమ్మలాగే ఉంటుంది. ఆవిడ సంతోషాన్ని చూసి నేను సంతోషపడాలి. పడలేకపోతున్నాను.

యోగేశ్‌కి ఫోను చేసిన ఆ పొద్దునే నీరజ వసారాలోనే బొమ్మను నిలబెట్టి తెల్ల రంగు పిండింది. ముందు చొక్కా పోయింది, దాని మీదికి ఎర్ర చీర వచ్చింది. తర్వాత చేతులు. మొహం దగ్గరకు వచ్చేసరికి కుంచె గాల్లోనే కాసేపు ఆగింది. ఆ మొహంలో ఇంకొకావిడ కూడా ఉందనీ, ఆమెకు ఇంకెక్కడా బొమ్మ లేదనీ నాకు గుర్తొచ్చింది. నీరజకి గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? అత్తయ్యకి గుర్తొచ్చిందో లేదో తెలియదు. కుంచె నుదుటి మీద ఆనింది.

అత్తయ్య లోపలికెళ్ళి, తల దువ్వుకుని, కుర్చీ లాక్కుంటూ వచ్చింది.

"కూర్చోనా?" అంది.

"అక్కర్లేదమ్మా," అంది నీరజ. "దీనికి నిన్ను చూడాల్సిన పన్లేదు."

అయినా అత్తయ్య కూర్చుంది. చీర సర్దుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నేర్చుకున్నట్టే మొహం కొంచెం పక్కకు తిప్పి, కదలకుండా కూర్చుంది. నీరజ పని పూర్తయ్యేదాకా అటు చూడలేదు.